గుణవృక్షము

అమరకోశమున ఓడకొయ్యకు కూపకము, గుణవృక్షకము అను పేర్లు చెప్పబడినవి. గుణమనగా త్రాడు, గుణవృక్షమనగా త్రాళ్ల చెట్టు. నావను కట్టివేయు గుంజకును ఈ పేరు చెల్లునని నిఘంటువులు చెప్పును గాని, ఓడకొయ్యయందే యిది మిక్కిలి సార్థకముగా నున్నది. చెట్టు తన వేళ్లచే నిలుచును. ఓడకొయ్యకు వేళ్లు లేవు. దాని శిఖరమునుండి ఓడ యంచులకు దిగిన త్రాళ్లే దానికి వేళ్లు. ఈ త్రాళ్ల చరిత్రమును సంగ్రహముగా చెప్పి, అందుండి మనము నేర్వదగిన దొకదానిని చూపుట నా యుద్దేశము.

ఓడలోని త్రాళ్లు రెండు తెగలు. తెరచాపను ఎత్తుటకును, దించుటకును, గాలివాటమునకు త్రిప్పుటకును పనికివచ్చునవి చరరజ్జువులు. నావికుని చేయి ఎల్లప్పుడును వానిమీదనే యుండును. కొయ్యను పట్టి నిలుపుచు తాము కదలక యుండునవి స్థిరరజ్జువులు. చిన్న పడవలో ఇవి సామాన్యముగా ముందొకటి, వెనుకొకటి, ఇరుప్రక్కల రెండో మూడో జతలు నుండును. గాలి తెరచాపను ఒక వైపునకు త్రోయగా, గాలి వచ్చు వైపునందలి త్రాడు బిగిసి ఆ బలమును పడవ మేనికి చేరవేయును. ఆవలి త్రాడు ఆ సమయమున వదులుగా నుండును. త్రాడు కొయ్యతో చేయు కోణమెంత చిన్నదైన దానిపై బడు లాగుడు అంత హెచ్చును. అందుచేతనే కొయ్య నడుమ అడ్డకమ్ములు పెట్టి త్రాటిని వెలికి నెట్టుదురు. త్రాళ్లన్నియు క్రిందికే లాగుటచే కొయ్య పడవ యడుగును అదుముచుండును. కాబట్టి ఓడకొయ్య నిలుచుట యనగా ఎదురెదురు లాగుడులు సరితూగుటయే. ఒక త్రాడు తెగెనేని మిగిలిన త్రాళ్ల బలమే కొయ్యను కూల్చును.

మన తీరమునకు ఓడకొయ్య క్రొత్తది కాదు. క్రీస్తుశకము 2వ శతాబ్దమున యజ్ఞశ్రీ శాతకర్ణి ముద్రింపించిన నాణెములపై రెండు కొయ్యల ఓడ కనబడును. రాజు తన ముద్రలో నిలుపుకొనదగిన వైభవముగా నౌకను భావించెనన్న మాట. ఇంచుమించు ఆ శతాబ్దముననే లండను నగరమున థేమ్సు నదిలో మునిగిన రోమను కాలపు పడవ యొకటి 1962లో బయల్పడినది. దాని కొయ్యను నాటిన గుంటలో డొమీషియను చక్రవర్తి నాణెమొకటి దొరకెను. దానిపై అదృష్టదేవత బొమ్మ కలదు. కొయ్య క్రింద నాణెము నుంచు ఆచారము పడవలు కట్టువారిలో నేటికిని కలదు. ఇది మన శంకుస్థాపనలో నవధాన్యములు పోయుట వంటిది. ఆ యాచారమును నేను పరిహసింపను. కాని నాణెమెంత శుభప్రదమైనను, త్రాడు చివికినచో కొయ్య నిలువదని నాణెము పెట్టినవానికిని తెలియును.

యూరపు ఓడలలో శతాబ్దములకొలది స్థిరరజ్జువులను హెంపు అనబడు గంజాయి జాతి మొక్క నారతో పేని, తారు పూసి వాడిరి. ఆ త్రాడు తడిసిన కురుచయై బిగియును, ఎండిన వదులగును. అందువలన త్రాటి కొనకు మూడు కన్నముల గుండ్రని కొయ్యబిళ్లను, ఓడ ప్రక్కకు మరియొక బిళ్లను అమర్చి, రెంటి నడుమ సన్నని త్రాటిని పలుమారులు దూర్చి బిగించెడివారు. దానిని మాటిమాటికి సవరించుట నావికుల నిత్యకృత్యము. ఆంగ్ల నౌకాదళమునకు కావలసిన ఈ నార చాలవరకు రష్యానుండి వచ్చెడిది. 1807లో నెపోలియను రష్యాతో టిల్సిట్ వద్ద సంధి చేసికొనగా ఆ సరఫరాకు ముప్పు కలిగెను. అంతకుముందే, మన సామర్లకోటలో తోట పెంచి పిదప కలకత్తాలోని కంపెనీవారి తోటకు అధిపతియైన విలియం రాక్స్‌బర్గు ఈ దేశపు నారల బలమును ఒకదానితో నొకటి పోల్చి పరీక్షించెను. వానిలో జనుము గూడ నున్నది. మన రైతు పచ్చిరొట్ట యెరువునకై చల్లు మొక్క సామ్రాజ్యపు త్రాళ్లకు అభ్యర్థిగా నిలిచినదని తలచినప్పుడు చరిత్ర మన చేనిగట్టునకే వచ్చినట్లు తోచును.

నారయుగమును అంతమొందించిన మార్పు సముద్రముపై పుట్టలేదు, గనిలో పుట్టినది. 1834లో జర్మనీ దేశపు హార్జు కొండలలో క్లౌస్తాల్ గనుల యధికారి విల్హెల్మ్ ఆల్బర్టు ఇనుప తీగలను పేని త్రాడు చేసెను. అంతకుముందు గనులలో వాడిన గొలుసులో ఒక్క కడియము తెగినను అంతయు తెగును. పేనిన తీగలలో ఒకటి తెగినను మిగిలినవి పట్టుకొని హెచ్చరిక చేయును. 1840లో ఇంగ్లండున రాబర్టు న్యూయల్ తీగత్రాటి తయారికి పేటెంటు పొందెను. క్రమముగా ఓడలలో నారత్రాటి స్థానమున తీగత్రాడును, కొయ్యబిళ్లల స్థానమున బిగింపుమరలును వచ్చినవి. 1913లో షెఫీల్డున హారీ బ్రేర్లీ తుప్పు పట్టని ఉక్కును కనుగొనిన తరువాత ఆ లోహము కొంతకాలమునకు పడవలకును వచ్చెను. నేడు చిన్న పడవలలో తరచు కనబడునది పందొమ్మిది ఉక్కు తీగలను ఒక్క పేటగా పేనిన త్రాడు.

ఈ యభివృద్ధిలో ఒక మోసము దాగియున్నది. నారత్రాడు తన వార్ధక్యమును దాచలేదు. పోగులు లేచును, రంగు మారును. ఇనుప తీగ తుప్పుతో తన జబ్బును చెప్పుకొనును. తుప్పు పట్టని ఉక్కు మాత్రము వెండివలె మెరయుచునే లోన చెడగలదు. దానిని కాపాడునది గాలి తగులుటచే నేర్పడు పలుచని పొర. తీగ కొనకు తొడిగిన గొట్టములో ఉప్పునీరు దూరి గాలి చొరనిచోట ఆ పొర నశించి, లోహము లోలోపల తినివేయబడును. దీనికి తోడు పడవ యూగిన ప్రతిసారి తీగ బిగిసి వదులై అలసిపోవును. కావుననే, కన్నులకు చక్కగా నున్నను, పదేండ్లకో కొంచెము మీదనో త్రాళ్లను మార్చవలయునని నిపుణులు చెప్పుదురు.

సముద్రము ఈ మాటను ఎట్లు పరీక్షించునో యిటీవలి చరిత్ర చూపును. బొంబాయిలో టేకుతో కట్టబడిన సుహేలీ యను 32 అడుగుల పడవలో రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ 1968 జూన్ 14న ఇంగ్లండు విడిచి, ఎచ్చటను ఆగక ఒంటరిగా భూమిని చుట్టి, 1969 ఏప్రిల్ 22న మరలివచ్చెను. ఆగకుండ ఒంటరిగా భూప్రదక్షిణము చేసినవారిలో ఆయనయే ప్రథముడు. ఆ యాత్ర జ్ఞాపకార్థము 2018లో జరిగిన పందెమున, మన నౌకాదళపు అభిలాష్ టోమీ సుహేలీని పోలి గోవాలో కట్టిన తురీయ పడవలో బయలుదేరెను. సెప్టెంబరున దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో పడవ పొర్లి కొయ్య విరిగెను. వెన్నెముక గాయముతో పడియున్న ఆయనను మూడు దినములకు ఫ్రెంచి నౌక రక్షించెను. అంతటి తుపానులో మానవుని జాగ్రత్తకు హద్దు కలదు. ఆయన 2022లో మరల అదే పందెమునకు వెళ్లి 2023లో రెండవ స్థానమున యాత్ర ముగించెను. 2018 పందెమును గెలిచిన ఫ్రెంచి వృద్ధుడు జాన్ ల్యూక్ వాన్ డెన్ హేడ్ కథ మన విషయమునకు మరింత దగ్గరిది. దక్షిణ పసిఫిక్కున పడవ బోర్లపడినప్పుడు, క్రింది ప్రక్కత్రాళ్లను కొయ్యకు పట్టియుంచిన మరచీల కొయ్య లోహమును చీల్చుకొని కొన్ని అంగుళములలోపు దూరము జారెను. అంతమాత్రమునకే త్రాళ్లు వదులైనవి. డెబ్బదిమూడేండ్ల యా వృద్ధుడు సముద్రమధ్యమున పలుమారులు కొయ్య నెక్కి, దానిని బాగుచేసికొని, యాత్ర సాగించి గెలిచెను.

ఇక పాత త్రాటిని మార్చు పద్ధతి. తెలిసినవాడు త్రాళ్లన్నిటిని ఒక్కసారి విప్పడు. ముందు తెరచాప నెత్తు త్రాటిని పడవ ప్రక్కకు కట్టి బిగించి కొయ్యకు తాత్కాలికముగ ఆధారము కల్పించును. తరువాత ఒక స్థిరరజ్జువును మాత్రము విప్పి, దాని పొడవును లాగిపట్టి కొలిచి, కొత్తదానిని చేయించి అదే చోట తగిలించును. అది నిలిచిన పిమ్మటనే దాని జతత్రాటిని ముట్టును. అన్నియు మారిన తరువాత కొయ్య మొదట నిలిచి పైకి చూచి, అది వంకర లేక యున్నదో లేదో పరికించుచు, ఇరుప్రక్కల మరలను సమముగ కొంచెము కొంచెముగ త్రిప్పును. వదులైన త్రాడెంత కీడో, మితిమీరి బిగించిన త్రాడును అంత కీడే. అది పడవ మేనునే వంచును. తుదకు మర వదులు కాకుండ చీలలు దిగగొట్టి, మితమైన గాలిలో పడవను నడిపి, మరల సరిచూచును.

సంఘసంస్కరణమును గూర్చి మనలో రెండు వాదములు వినబడును. తాతలనాటి త్రాడు కావున ముట్టరాదని ఒకరు. పాతది కావున అన్నిటిని ఒక్క పెట్టున కోయవలయునని మరియొకరు. మొదటివాడు తుపానునాడును, రెండవవాడు నేడును కొయ్యను కూల్చును. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించి, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. వెలివేయబడినవారికి ఆశ్రయమును ధనసాయమును గూడ సమకూర్చిరి. పాత కట్టు విప్పుటకు ముందు ఆధారమును కట్టుట యన నిదియే. సంస్కర్త ధైర్యమును మనము పొగడుదుము; ఆయన కట్టిన ఆ తాత్కాలికపు త్రాటిని మరచిపోవుదుము.

2017–18లో మన నౌకాదళపు స్త్రీలు ఆరుగురు తారిణి యను తెరచాప పడవలో భూప్రదక్షిణము చేసిరి. వారిలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు ఐశ్వర్యయు కలరు. స్త్రీ చదువే వివాదమైన తీరమునుండి స్త్రీలు తామే పడవ నడుపుకొని సముద్రములు దాటిరి. చిత్రపటములలో మనకు కనబడునది వారి తెల్లని తెరచాప. నట్టనడి సముద్రమున ప్రతి ప్రాతఃకాలమును కొయ్య త్రాళ్లను తడవి చూచుకొనవలసిన భారము ఆ పడవలో నున్నవారిదే. వారికి మారుగా చూచువారు లేరు. మన యిండ్లలోను మెరయుచున్న త్రాళ్లు కొన్ని యున్నవి. వాని కొనలను తడవి చూచి ఎన్నాళ్లయినదో ఎవరికి వారు లెక్కించుకొనవలయును.