పొయ్యిలో పిల్లి ఇప్పుడెక్కడ పడుకుంటోంది?

ఈ రోజు ఎపిసోడ్ ఒక నానుడితో మొదలుపెడదాం. "పాపం, వాళ్ళింట్లో పొయ్యిలో పిల్లి లేవలేదు." ఈ మాట మీలో చాలామంది వినే ఉంటారు. అర్థం కూడా తెలుసు: ఆ ఇంట్లో ఇవాళ వంట లేదు, తినడానికి ఏమీ లేదు అని. మనం దీన్ని ఆకలి గురించిన మాటగానే గుర్తుపెట్టుకున్నాం. కానీ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అసలు పిల్లి పొయ్యిలోకి ఎందుకు వెళ్ళింది?

చలి కాచుకోవడానికి. రాత్రి వంటయ్యాక పొయ్యిలో బూడిద వెచ్చగా ఉంటుంది కదా, అందులో ముడుచుకుని పడుకుంది. తెల్లారి ఎవరైనా వచ్చి నిప్పు రాజేస్తే లేస్తుంది. రాజేయడానికి వండాల్సింది ఏమీ లేకపోతే అలాగే పడుకుని ఉంటుంది. అంటే మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో బయట తిరిగే పిల్లులు చలికాలం ఎలా గడిపేవో ఈ నానుడిలోనే రాసిపెట్టి ఉంది. మరి ఇప్పుడు ఆ పొయ్యిలే లేవు. ఆ పిల్లులు ఎక్కడికి పోయాయి? ఇవాళ మన కథ అదే.

ముందు పిల్లి సంగతి చూద్దాం. ఇది ఎడారి వైపు నుంచి వచ్చిన జంతువు. 2007లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక జన్యు పరిశోధన ప్రకారం, ప్రపంచంలోని పెంపుడు పిల్లులన్నింటి మూలం పశ్చిమాసియా ప్రాంతపు అడవిపిల్లి. సైప్రస్ దీవిలో అయితే సుమారు 9,500 ఏళ్ళ కిందటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని కూడా పాతిపెట్టారు. మనిషి ధాన్యం నిల్వ చేశాడు, ధాన్యం కోసం ఎలుక వచ్చింది, ఎలుక కోసం పిల్లి వచ్చింది. ఊరు మారింది గానీ పిల్లి ఒళ్ళు మారలేదు. ఒంట్లో వేడి నిలబెట్టుకోవడానికి అదనంగా శక్తి ఖర్చు పెట్టకుండా పిల్లి హాయిగా ఉండే ఉష్ణోగ్రత సుమారు 30 నుంచి 38 డిగ్రీలు. మనం ఫ్యాన్ ఆపేసి "ఆహా, వాతావరణం ఎంత బాగుంది" అనుకునే రోజున పిల్లికి చలి మొదలైపోయినట్టే.

ఇక్కడ మీకొక డౌట్ రావచ్చు. మన దగ్గర మంచు కురవదు కదా, పిల్లులకి చలేంటి అని. నిజమే, మంచుగడ్డలు పడవు. కానీ కళింగపట్నం లాంటి తీరం ఊళ్ళో కూడా డిసెంబర్, జనవరి రాత్రులు 20 డిగ్రీల లోపలికి దిగుతాయి. సీతంపేట, సాలూరు వైపు కొండల్లోకి వెళ్తే ఇంకా చలి. తెల్లారేసరికి ఆకుల మీద, గడ్డి మీద నీళ్ళు కారేంత మంచు పడుతుంది. కడుపు నిండిన పెద్ద పిల్లి దీన్ని తట్టుకుంటుంది. తిండి లేనిదో, తడిసినదో, నాలుగు వారాల పిల్లో అయితే కష్టం.

మరి మన పూర్వీకులు పిల్లుల కోసం ఏం చేశారు? చెప్పాలంటే, కావాలని ఏమీ చేయలేదు! వాళ్ళు ఇల్లు కట్టుకున్న తీరులోనే పిల్లికి చోటు దొరికింది. తాటాకు ఇల్లు, మట్టి గోడ, గోడకీ కప్పుకీ మధ్య సందు. పిల్లి రావడానికి తలుపు తీయక్కర్లేదు. లోపల మట్టి పొయ్యి. మట్టి త్వరగా వేడెక్కదు, త్వరగా చల్లారదు. రాత్రి కర్రలో పిడకలో మండించి అన్నం వార్చేశాక కూడా పొయ్యి చాలాసేపు వేడి పట్టుకుని ఉంటుంది. పైన బూడిద, కింద నిప్పు కణికలు. దాన్నే మనవాళ్ళు నివురు అన్నారు. ఆ నివురు చల్లబడేకొద్దీ పిల్లి అంచు నుంచి మధ్యకి జరిగేది.

మా మామ్మ పొద్దున్నే పొయ్యి దగ్గరకెళ్ళి ముందు ఒక కర్రతో గట్టు మీద టకటకా కొట్టేది. నన్ను పంపినా అదే మాట: "ముందు పిల్లిని లేపు గుంటా, తర్వాత అగ్గిపుల్ల గియ్యి." ఆ పిల్లి మా పెంపుడు పిల్లేం కాదు. దానికి పేరు లేదు. పగలంతా ఊళ్ళో తిరిగేది, రాత్రికి పొయ్యిలోకి వచ్చేది. బూడిద రంగు అంటుకుని దాని అసలు రంగేంటో కూడా తెలిసేది కాదు. ఈ టకటక అన్నది చిన్న విషయమే, కానీ గుర్తుపెట్టుకోండి. తర్వాత మనకి పనికొస్తుంది.

పొయ్యి ఒక్కటే కాదు. మన వైపు వరి కోతలు నవంబర్, డిసెంబర్‌లో. సరిగ్గా చలి ముదిరే టైమ్‌కి కల్లాల్లో వరి కుప్పలు, పెరట్లో గడ్డివాములు లేచేవి. ఎండు గడ్డి లోపల గాలి నిలిచిపోయి వేడి బయటికి పోనివ్వదు. పిల్లి పిల్లల్ని పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. పైగా ధాన్యం ఉన్నచోటే ఎలుకలు. పడకా అక్కడే, భోజనం అక్కడే. పశువుల సాలలో అయితే ఆవుల ఒంటి వేడి కూడా కలిసొచ్చేది.

ఇప్పుడు కథలో చేదు భాగం. పిల్లికి వెచ్చదనం దొరకాలంటే ముందు రాత్రి ఇంట్లో పొయ్యి వెలగాలి. ఎప్పుడూ వెలిగిందా? లేదు. 1866లో ఒడిశా మొదలుకుని ఈ తీరమంతా పెద్ద కరువు వచ్చింది. అప్పట్లో శ్రీకాకుళం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో భాగం. ఆ జిల్లాని కరువు గట్టిగా కొట్టింది. పంట లేదంటే ధాన్యం లేదు, నిప్పు లేదు. ఆ తర్వాత ఎన్ని వేలమంది ఈ ఊళ్ళ నుంచి ఓడలెక్కి రంగం, అంటే ఇప్పటి మయన్మార్‌లోని రంగూన్, కూలికి పోయారో మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. ఇవాళ రైలెక్కి హైదరాబాద్‌కో చెన్నైకో పోతున్నారు. తాళం వేసిన ఇంట్లో పొయ్యి చల్లగా ఉంటుంది. మనుషులు వలస వెళ్తారు, పిల్లి మాత్రం ఊళ్ళోనే ఉండిపోతుంది. ఆ నానుడిలో మనిషి ఆకలీ పిల్లి చలీ ఒకే పొయ్యి దగ్గర కలిశాయి.

తర్వాత గ్యాస్ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద పేద మహిళలకి గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలైంది. 2016 మే 1న కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. 2024 నవంబర్ 1న దీపం-2, అంటే ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల పథకం ఎక్కడ మొదలైందో తెలుసా? మన శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర ఈదుపురంలోనే.

ఇక్కడ నేను ఒక మాట గట్టిగా చెప్పాలి. "పాత రోజులే బాగుండేవి, కట్టెల పొయ్యి ఉంటే పిల్లులకీ బాగుండేది" అని నేను అనను. ఆ వెచ్చదనానికి ఖరీదు కట్టింది ఆడవాళ్ళు. కట్టెలు మోసింది వాళ్ళు, ఊదుగొట్టంతో ఊదింది వాళ్ళు, పొగ మింగింది వాళ్ళు. ఇళ్ళలో వంట పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మా మామ్మ దగ్గు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పిల్లి కోసం ఆ పొగని మళ్ళీ ఇంట్లోకి తేవక్కర్లేదు.

కానీ గ్యాస్ స్టవ్ మంట ఆపగానే చల్లారిపోతుంది. అందులో బూడిద లేదు. తాటాకు పోయి స్లాబు వచ్చింది, కిటికీలకి మెష్ వచ్చింది. వరికోత మిషన్లు వచ్చాక చాలాచోట్ల గడ్డివాములూ తగ్గాయి. ఇవన్నీ మన మంచికే వచ్చాయి. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా పిల్లికి మాత్రం ఒక పడక పోయింది, అంతే. ఎవరూ గమనించలేదు, ఎందుకంటే ఆ పడక ఇచ్చామనే మనకి తెలీదు.

మరి ఇప్పుడు పిల్లి వెచ్చటి చోటు కోసం ఎక్కడ వెతుక్కుంటోంది? ఇప్పుడే ఆపిన కారు ఇంజిన్ దగ్గర! బానెట్ కింద, చక్రం మీద, ఆటో వెనక. ఆలోచిస్తే ఇదే కొత్త పొయ్యి. రాత్రి వేడెక్కుతుంది, పొద్దున మళ్ళీ రాజేస్తారు. కాబట్టి మామ్మ టకటక ఇక్కడ కావాలి. చలికాలం పొద్దున్నే బండి తీసేముందు బానెట్ మీద రెండుసార్లు గట్టిగా తట్టండి, హారన్ ఒకసారి కొట్టండి, పది సెకన్లు ఆగండి. ఒక ప్రాణం దిగిపోవడానికి ఆ టైమ్ చాలు.

ఇక వీధి పిల్లికి ఒక పడక చేద్దామా? ఖర్చు దాదాపు సున్నా. చేపల మార్కెట్లో వాడేసిన థర్మాకోల్ పెట్టె అడిగి తెచ్చుకోండి. శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. పక్కన ఆరంగుళాల వెడల్పు రంధ్రం చేయండి. అంతకంటే పెద్దదైతే వేడి పోతుంది, కుక్క మూతి కూడా దూరుతుంది. లోపల ఎండు వరిగడ్డి వేయండి. దుప్పటి, గోనె సంచి వద్దు. అవి మంచుకి తడిసి పిల్లి ఒంట్లో వేడినే లాగేస్తాయి. గడ్డి అలా తడి పట్టుకోదు. మూత టేపుతో బిగించి, పెట్టెని రెండు ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి. రంధ్రం గోడవైపు తిప్పి, పిల్లి దూరేంత సందు వదలండి. గడ్డి తడిస్తే మార్చండి. లోపల కుంపటి, బల్బు లాంటివి అస్సలు పెట్టొద్దు, గడ్డి అంటుకుంటుంది. సాయంత్రం కాస్త తిండి పెడితే ఇంకా మంచిది, తిండే దాని ఒంట్లో కట్టె. పిల్లిని బలవంతంగా పట్టి లోపల పెట్టకండి, అదే వెతుక్కుంటుంది. గీరినా, కరిచినా వెంటనే సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళండి.

భోగి రోజు పెద్ద మంట వేస్తాం కదా. ఫోటోలు, రీల్స్ అయిపోయి అందరూ ఇంటికి వెళ్ళాక ఒక పావుగంట ఆగి చూడండి. వేడి బూడిద అంచున ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. అందుకే ఆ మంట మీద నీళ్ళు పోయాల్సిన పని లేకపోతే, గాలి లేకపోతే, పిల్లలు దగ్గర లేకపోతే, ఆ నివురుని కాసేపు అలా వదిలేయండి.

తర్వాత ఎపిసోడ్‌లో రంగం వెళ్ళొచ్చినవాళ్ళ గురించి వివరంగా మాట్లాడుకుందాం. అందాకా ఉంటానండీ. బండి తీసేముందు మాత్రం మర్చిపోకండి, టకటక.