ఆడియో ఇంటర్‌ఫేస్

మైకు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని అంకెలుగా మార్చి కంప్యూటరుకు అందించే పరికరం. ఆ అంకెలను తిరిగి విద్యుత్ సంకేతంగా మార్చి హెడ్‌ఫోన్‌కు పంపేదీ ఇదే. ఇంటి స్టూడియోను పెంచుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది ఒకేసారి ఎన్ని మైకులు కావాలన్నది. ఉదాహరణకు కిన్నెర అనే తంత్రీవాద్యానికి ప్రసిద్ధి చెందిన పాలమూరు నేలను తీసుకుందాం. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పాడే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి పాటకు గొంతు దగ్గరొకటి, కిన్నెర సొరబుర్రల దగ్గరొకటి, రెండు ఇన్‌పుట్లు చాలు. డప్పుల బృందమైతే సరిపోవు. చాలా కండెన్సర్ మైకులకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. రికార్డింగుకు 24 బిట్లు, 48 కిలోహెర్ట్‌జ్‌తో పని జరిగిపోతుంది. 192 కిలోహెర్ట్‌జ్ అన్న అంకె చూసి మురిసి డబ్బు పోయడం దండగ. పాడేవారికి తమ గొంతు ఆలస్యంగా వినబడితే తాళం తప్పుతుంది కనుక గొంతును కంప్యూటరు గుండా పోనీయకుండా నేరుగా వినిపించే డైరెక్ట్ మానిటరింగ్ ఉన్నదే కొనాలి. గది ప్రతిధ్వనిని మాత్రం ఏ ఇంటర్‌ఫేసూ తగ్గించదు. అందుకు గోడలకు వేలాడదీసిన మందపాటి దుప్పట్లే నయం.