బర్త్ ఆఫ్ ఎ నేషన్ (1915)

డి.డబ్ల్యు. గ్రిఫిత్ దర్శకత్వం వహించిన అమెరికన్ మూకీ చిత్రం. థామస్ డిక్సన్ నవల 'ది క్లాన్స్‌మన్' (1905) ఆధారం. నిడివి సుమారు మూడు గంటలు. 1915 ఫిబ్రవరి 8న లాస్ ఏంజెల్స్‌లో తొలి ప్రదర్శన జరిగింది.

అమెరికా అంతర్యుద్ధపు పోరాట దృశ్యాలు, క్లోజప్పులు, రెండు చోట్ల జరిగే సంఘటనలను మార్చిమార్చి చూపే కూర్పు దీనికి పేరు తెచ్చాయి. ఆఖరి నిమిషంలో ఆదుకోవడానికి దూసుకొచ్చే పతాక సన్నివేశం ఏలూరు, తాడేపల్లిగూడెం హాళ్లలో ఈలలు వేసిన ప్రేక్షకుడికీ కొత్తకాదు. అయితే ఇక్కడ గుర్రాలపై వచ్చే రక్షకులు తెల్లజాతి ఆధిపత్యవాద కూ క్లక్స్ క్లాన్ ముఠా; తరిమికొట్టేది నల్లజాతివారిని. ఆ పాత్రల్లో చాలావాటిని తెల్లవాళ్లే ముఖానికి నల్లరంగు పూసుకుని వేశారు. కనుక పనితనాన్ని మెచ్చి, కథను మాత్రం తప్పుపట్టి ఊరుకోవడం కుదరదు: ద్వేషాన్ని ఉత్కంఠగా మార్చింది ఆ కూర్పే.

నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ నిరసనలు చేపట్టింది. అదే ఏడాది జార్జియాలో క్లాన్ మళ్లీ పుట్టింది. నల్లజాతి దర్శకుడు ఆస్కర్ మిషో తీసిన 'వితిన్ అవర్ గేట్స్' (1920)ను దీనికి జవాబుగా చూస్తారు. 1992లో బర్త్ ఆఫ్ ఎ నేషన్ అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేరింది. 1999లో అమెరికా దర్శకుల సంఘం తన అత్యున్నత పురస్కారం నుంచి గ్రిఫిత్ పేరు తొలగించింది.