పెరటి పొయ్యి కథ

మే నెలాఖరులో మెమోరియల్ డే సెలవు వచ్చిందంటే మిషిగన్‌లో మా వీధి వీధంతా పొగే. అయిదారు నెలలు మంచు కింద పడి ఉన్న పెరళ్ళలోకి ఒక్కసారిగా మనుషులు వచ్చేస్తారు. వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియని మావారు కూడా ఆ రోజు ఏప్రన్ కట్టుకుని, పట్టకారు పుచ్చుకుని గ్రిల్ ముందు నిలబడతారు. ముందు రోజు రాత్రే అల్లం వెల్లుల్లి, కారం, పెరుగు పట్టించి చికెన్ నానబెట్టింది నేనన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. మెచ్చుకోళ్ళన్నీ ఆయనకే. శాకాహారులకు వేరే గ్రిల్, వేరే పట్టకారు. కాల్చిన మొక్కజొన్న పొత్తుల మీద నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్దడం మొదలుపెట్టగానే ఎవరి ఊరు వాళ్ళకి గుర్తొస్తుంది.

ఇరవై ఏళ్ళుగా ఇదే వరస. ఇది అమెరికా వాళ్ళ దగ్గర మనం నేర్చుకున్న ఒక సరదా అనుకునేదాన్ని, అంతే. రెండేళ్ళ క్రితం ఇంటి కాగితాలు సర్దుతుంటే ఒక పాత పత్రం కంటబడింది. 1940లో మా వీధిలో ప్లాట్లు వేసినప్పటి షరతులు. ఇల్లు రోడ్డుకి ఎంత దూరంలో కట్టాలి, పెరట్లో కోళ్ళు పెంచకూడదు లాంటివన్నీ ఉన్నాయి. వాటి మధ్యలో, అంతే మామూలుగా, మరో షరతు: కాకేసియన్ జాతికి చెందనివారెవరూ ఈ స్థలంలో కాపురం ఉండరాదు, ఇంట్లో పనిచేసే నౌకర్లు తప్ప. చదివి, కిటికీలోంచి పెరట్లో ఉన్న గ్రిల్ వైపు చూశాను. ఆ పొయ్యి అక్కడికి ఎలా వచ్చిందో, నేను దాని దగ్గరికి ఎలా వచ్చానో తెలుసుకోవాలనిపించింది.

బార్బెక్యూ అన్న మాట కరీబియన్ దీవుల్లోని టైనో ప్రజలది. వాళ్ళ 'బార్బకోవా' అంటే కర్రలతో కట్టిన మంచె. మన పొలాల్లో కాపలాకి కట్టుకునే మంచె లాంటిదే. దాని మీద ధాన్యం దాచుకునేవారు, కింద నిప్పు పెట్టి చేపలూ మాంసమూ కాల్చుకునేవారు. 16వ శతాబ్దంలో స్పానిష్ చరిత్రకారుడు ఒవియేదో ఈ మాటను గ్రంథస్థం చేశాడు. మాట మిగిలింది గాని, ఆ ప్రజల్లో అధిక భాగం వలసపాలకుల చాకిరీకీ, వాళ్ళు తెచ్చిన మశూచికీ బలైపోయారు.

వర్జీనియాకి వచ్చేసరికి అది పెద్దమనుషుల విందు అయింది. 1769 మే నెలలో జార్జ్ వాషింగ్టన్ అలెగ్జాండ్రియాలో ఒక బార్బెక్యూకి వెళ్ళి రాత్రంతా అక్కడే ఉన్నట్టు తన డైరీలో రాసుకున్నాడు. 1793 సెప్టెంబరు 18న క్యాపిటల్ భవనానికి శంకుస్థాపన జరిగినప్పుడు 500 పౌన్ల ఎద్దును కాల్చి విందు చేశారు. తర్వాత ఎన్నికల సభలకూ జులై 4 పండగకూ ఇది తప్పనిసరి అయిపోయింది. అయితే దక్షిణాదిలో ముందురోజే కందకం తవ్వి, గట్టి కట్టెలు కాల్చి నిప్పులు చేసి, రాత్రంతా మేలుకుని మాంసం తిప్పుతూ మిరపకాయలూ వెనిగరూ కలిపిన పులుసు పూసినవాళ్ళు నల్లజాతి బానిసలు. వంట వాళ్ళది, పేరు యజమానిది. మా ఇంట్లో చికెన్ సంగతి గుర్తొచ్చి నవ్వబోయాను గాని, నవ్వు రాలేదు.

కందకంలోని నిప్పు పెరట్లోకి రావడంలో మా మిషిగన్‌కి పెద్ద పాత్రే ఉంది. మోడల్ టీ కార్లకి చాలా కలప కావాల్సి వచ్చి, హెన్రీ ఫోర్డ్ 1920ల మొదట్లో ఈ రాష్ట్రపు ఉత్తర భాగంలో అడవులు కొని రంపపు మిల్లు పెట్టాడు. మిగిలిన చెక్కముక్కలు పారేయడం ఇష్టం లేక వాటిని కాల్చి, పొడి చేసి, పిండిపదార్థంతో అచ్చుపోసి బొగ్గు బిళ్ళలు చేయించాడు. అలాంటి బిళ్ళలకి పెన్సిల్వేనియాకి చెందిన ఎల్స్‌వర్త్ జ్వాయర్ 1897లోనే పేటెంటు తీసుకున్నాడు గాని, జనంలోకి తెచ్చింది ఫోర్డే. కార్లమ్మే షాపుల్లోనే బొగ్గూ అమ్మించాడు. అడవులు కొనిపెట్టడంలో సాయపడిన ఎడ్వర్డ్ కింగ్స్‌ఫర్డ్ పేరే తర్వాత ఆ బొగ్గుకి స్థిరపడింది. 1952లో షికాగోలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, తను పనిచేసే లోహపు కార్ఖానాలో నీటిమీద తేలే బోయాలు తయారవుతుంటే చూసి, అలాంటి గోళాన్ని సగానికి కోసి, కాళ్ళు తగిలించి, మూత పెట్టాడు. అదే ఇవాళ్టి గుండ్రటి వెబర్ గ్రిల్.

పొయ్యి సరే, పెరడు ఎక్కడిది? రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి 1944 నాటి చట్టం ఇంటి అప్పులు తేలిక చేసింది. న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌లో 1947 నుంచి 1951 వరకు 17 వేలకు పైగా ఇళ్ళు కట్టారు. ప్రతి ఇంటికీ ఒక పెరడు. మొదట్లో ఆ ఇళ్ళ ఒప్పందాల్లోనూ నా పత్రంలో ఉన్నలాంటి షరతే ఉండేది. 1948లో సుప్రీంకోర్టు అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయరాదని తీర్పు చెప్పింది. ఆ తీర్పులో కలిపి విన్న కేసుల్లో ఒకటి మా డెట్రాయిట్‌దే. ఇళ్ళ అమ్మకంలో వివక్ష చట్టవిరుద్ధం కావడానికి మాత్రం 1968 దాకా ఆగాల్సి వచ్చింది.

'కాకేసియన్' అన్న మాటకీ మనకీ పాత పేచీ ఉంది. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, శాస్త్రం ప్రకారం తాను కాకేసియన్‌నేనని, అగ్రకులం వాణ్ణని కూడా వాదిస్తూ పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. సామాన్యుడి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావని 1923లో కోర్టు తేల్చేసింది. 1946లో భారతీయులకి పౌరసత్వపు దారి తెరిచినా, వలస కోటా మాత్రం ఏడాదికి నూరు మందే.

ఆ తలుపు పూర్తిగా తెరుచుకోవడం వెనక కూడా బార్బెక్యూ పొగ ఉంది. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఓలీస్ బార్బెక్యూ అనే హోటలు ఉండేది. 36 మంది పనివాళ్ళలో మూడింట రెండు వంతులు నల్లవాళ్ళే. నల్లవాళ్ళు లోపల కూర్చుని తినడానికి మాత్రం వీల్లేదు, పొట్లం కట్టించుకుని పోవాలి. 1964 పౌరహక్కుల చట్టం తమకు వర్తించదని యజమానులు కోర్టుకెక్కారు. వాళ్ళు కొనే మాంసంలో చాలా భాగం వేరే రాష్ట్రాల నుంచి వస్తోంది కనుక వర్తిస్తుందని ఆ ఏడాది డిసెంబరు 14న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆ చట్టం మీద సంతకం పెట్టిన లిండన్ జాన్సనే, 1965 అక్టోబరు 3న స్వేచ్ఛా ప్రతిమ దగ్గర కొత్త వలస చట్టం మీదా సంతకం పెట్టాడు. మనలో ఎక్కువమంది ఇక్కడికి వచ్చింది ఆ సంతకం వల్లే. ఆయనకి బార్బెక్యూ అంటే ఎంత ఇష్టమంటే, 1963 డిసెంబరులో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ ఎర్హార్డ్‌కి టెక్సస్‌లో ఇచ్చిన అధికార విందు కూడా అదే.

ఈ సంగతులన్నీ మా పక్కింటాయనతో చెప్పాను. కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన నల్లజాతి పెద్దాయన. సగానికి కోసిన డ్రమ్ములో ఆయన కాల్చే రిబ్స్ ముందు మావారి చికెన్ ఎందుకూ కొరగాదు. ఆయన తండ్రి అలబామా నుంచి వచ్చినవాడు. వెనక గుమ్మం దగ్గర నిలబడి పొట్లం తీసుకున్న రోజుల గురించి ఇంట్లో ఎన్నడూ మాట్లాడేవాడు కాదట.

మా ఊరి టీ హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి గురించి అప్పుడు నేను చెప్పాను. కొందరికి బల్ల మీద గ్లాసు, కొందరికి చూరులో పెట్టిన గ్లాసు. ఆయన కాసేపు ఊరుకుని, "ఆ గ్లాసు ఎవరు కడిగేవారు?" అని అడిగారు. "తాగినవాళ్ళే," అన్నాను. "మరి మీరు ఎక్కడ తాగేవారు?" అని అడగలేదు. అడగకపోయినా జవాబు చెప్పాను. బల్ల మీద.

మాకు ప్రతి వేసవిలోనూ ఒక ఫోను వస్తుంది: "పార్కులో మనవాళ్ళందరం కలుస్తున్నాం, మీరూ రావాలి." 'మనవాళ్ళు' అంటే తెలుగువాళ్ళని కాదు. ఆ మాటకి అర్థం తెలిసే పదేళ్ళు వెళ్ళాను, పులిహోర కలిపి మరీ పట్టుకెళ్ళాను. అక్కడ ఏ పత్రమూ లేదు, ఏ షరతూ రాసి లేదు. రాయాల్సిన అవసరమే లేదు.

ఈ ఏడూ ఫోను వచ్చింది. ఆ రోజు మా పెరట్లోనే పొయ్యి వెలిగిస్తున్నామని చెప్పాను. "ఎవరెవరు వస్తున్నారు?" అని అడిగింది ఆవిడ. "వీధిలో అందరూ. మీరూ రండి," అన్నాను. చూస్తామంది.

శాకాహారులకు వేరే గ్రిల్ అలాగే ఉంది. బల్ల మాత్రం ఒకటే వేశాం.