గుంట ఓనమాల నుంచి ట్యాబ్ దాకా

ట్యాబ్లెట్ అన్న మాటకి తెలుగులో సమానార్థకం కోసం పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. పలక. చేతిలో ఇమిడే బల్లపరుపు వస్తువు, దాని మీద రాస్తాం, చెరిపేస్తాం, మళ్ళీ రాస్తాం. కానీ మా నెల్లూరు తీరంలో ఎనిమిదో క్లాసు పిల్లని 'నీ పలకేది?' అనడిగితే పక్కున నవ్వుతుంది. దాని పేరు ట్యాబ్, అంతే.

ఆ ట్యాబ్ వచ్చిన తేదీ అందరికీ గుర్తే. 2022 డిసెంబర్ 21న, తన పుట్టినరోజు నాడు, అప్పటి ముఖ్యమంత్రి జగన్ బాపట్ల జిల్లా యడ్లపల్లిలో పంపిణీ మొదలుపెట్టారు. ప్రభుత్వ లెక్క ప్రకారం 4,59,564 మంది ఎనిమిదో తరగతి పిల్లలకి, 59,176 మంది టీచర్లకి, మొత్తం 5,18,740 ట్యాబ్‌లు. ఖర్చు 686 కోట్లు. భాగించి చూస్తే ఒక్కోటి పదమూడు వేల పైచిలుకు. వస్తువు శాంసంగ్‌ది, లోపలి పాఠాలు బైజూస్‌వి. నెట్ అందని ఊళ్ళలోనూ నడవాలని పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే ట్యాబ్‌లు పిల్లల్ని చెడగొడుతున్నాయనీ, పిల్లల జీవితాల్ని మార్చేస్తున్నాయనీ రెండు వర్గాలు తయారయ్యాయి. ఆ తగాదాలో నాకు ఆసక్తి తక్కువ. రాసే వస్తువు మారినప్పుడల్లా పాఠం ఎవరి చేతుల్లోకి పోయిందన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న.

పలక కన్నా ముందు ఇసుక. నేల మీద ఇసుక పరిచి, వేలితో దిద్దించేవాళ్ళు. గుంట ఓనమాలంటే అవే. (మా వైపు ఇప్పుడు గుంట అంటే రొయ్యల గుంటే అనుకోండి.) కాస్త చెయ్యి తిరిగాక తాటాకు, గంటం. నెల్లూరికి దక్షిణాన, మద్రాసులో, ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరీ 1789 నుంచి సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం నడిపాడు. అక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూశాడు. తన బళ్ళోనూ అదే పెట్టాడు, వచ్చినవాడు రానివాడికి చెప్పే పద్ధతితో కలిపి. 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. అది 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో ఇంగ్లండంతా పాకింది. ఆయన వదిలిన డబ్బుతో పెట్టిన బడి సెయింట్ ఆండ్రూస్‌లో ఇప్పటికీ మద్రాస్ కాలేజ్ అన్న పేరుతోనే ఉంది. మన ఇసుక అంత దూరం పోయింది! ఇప్పుడు గాజు మీద వేలితో దిద్దడం చూస్తుంటే, బొగ్గునీ బలపాన్నీ కాగితాన్నీ దాటుకుని మళ్ళీ వేలి దగ్గరికే వచ్చామనిపిస్తుంది.

అయితే ఆ ఇసుక బడిని బంగారు యుగం చెయ్యడం నాకు ఇష్టం లేదు. 1822లో గవర్నర్ థామస్ మన్రో జిల్లాల వారీగా బళ్ళ లెక్కలు అడిగాడు. నెల్లూరు కలెక్టరూ పంపాడు, దాదాపు అందరూ పంపారు. అన్నిట్లోకీ చదవదగ్గది 1823లో బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ రాసిన నివేదిక. ఈయన అప్పటికే తెలుగు వ్యాకరణం రాసిన మనిషి. 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు అని లెక్క కట్టాడు. వెయ్యి మందిలో సుమారు ఏడుగురే బడికి వస్తున్నారన్నమాట. ఇంత తక్కువ ఖర్చుతో రాత నేర్పే పద్ధతి ఇంగ్లండు అనుకరించదగ్గదే అని మెచ్చుకున్నాడు. వెంటనే మరో మాట కూడా అన్నాడు: పిల్లలు పద్యాలు ధారాళంగా అప్పజెబుతారు, అర్థం మాత్రం తెలీదు, చాలాచోట్ల పంతులుకీ తెలీదు. సీమగుడ్డ దిగుమతితో నేతపని పోయి, బిడ్డకి బడి జీతం కట్టుకోలేని ఇళ్ళు పెరిగాయనీ రాశాడు. రాసే పద్ధతి చవగ్గా, చక్కగా ఉంది. చదివినదేమిటో తెలీదు. బిడ్డకి కడుపు నిండదు. ఈ మూడూ ఒకే నివేదికలో ఉన్నాయి, మనం మొదటిదే ఎక్కువ తల్చుకుంటాం.

తర్వాత పలక కాలం. చెక్క పలకకి బొగ్గూ దొండాకు పసరూ పూసి నలుపెక్కించేవాళ్ళని మా అమ్మ చెప్పేది. మా తరానికి వచ్చేసరికి రాతి పలక. అది మార్కాపురం నుంచి వచ్చేది. అక్కడి గనుల్లో పొరలు పొరలుగా చీలే రాయి మీదే ఒక ఊరు బతికింది. పలక పగిలితే ముక్క మీదైనా రాసుకునేవాళ్ళం. ట్యాబ్‌కి ఆ సౌకర్యం లేదు.

ఇక అసలు సంగతి. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా పొలంలో నడుం వంచిన ఆడవాళ్ళు రాత్రి లాంతరు ముందు కూర్చుని దిద్దారు. వాళ్ళ వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం, సారా వల్ల చితికిపోయిన ఇంటి కథ. చదివిన ప్రతి ఇల్లాలికీ అది తన ఇల్లే. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివాళ్ళూ సారా అంగడి మూయించారు. ఆ సంగతి మళ్ళీ 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠమై కొత్త వాచకంలోకి ఎక్కింది, మిగతా ఊళ్ళు దాన్ని చదివాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. ఒక్క పాఠంతోనే ఇదంతా జరిగిందనడం అతిశయోక్తి. ఏళ్ళ తరబడి తిన్న దెబ్బలూ, పోయిన కూలి డబ్బులూ ఉన్నాయి దాని వెనక. కానీ చవక కాగితం మీద అచ్చయిన ఆ పాఠానికి ఒక గుణం ఉంది. జిల్లాలో జరిగింది ఏడాది రెండేళ్ళలో పాఠంలోకి వచ్చేది, పాఠంలోది మళ్ళీ ఊళ్ళోకి పోయేది.

ట్యాబ్‌లో ఆ దారి లేదు. పాఠం బెంగళూరు కంపెనీది. వీడియోలు బావున్నాయి, కాదనను. కణ విభజన నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పడం కంటే చూపించడమే నయం. రెండు భాషల్లో ఇవ్వడమూ మంచిదే. అయినా మైపాడులో వలలు అల్లేవాళ్ళ పిల్లాడికీ, కృష్ణపట్నం పోర్టు పక్క బళ్ళో యానాది పిల్లకీ, విజయవాడ పిల్లాడికీ అదే వీడియో, అదే వేగం. నిన్న ఎక్కడ ఆగిపోయారో దానికి తెలీదు.

ఇది ఊరికే అనే మాట కాదు. పెరూలో 319 పల్లె బళ్ళలో పిల్లలకి లాప్‌టాప్‌లు ఇచ్చి పరీక్షించి చూశారు. లెక్కల్లో, భాషలో మార్కులు కదల్లేదు. అదే ఢిల్లీలో 'మైండ్‌స్పార్క్' అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన అధ్యయనంలో పిల్లలు బాగా ముందుకెళ్ళారు. ఎందుకంటే అది తరగతిని కాకుండా పిల్లవాడి స్థాయిని పట్టుకుని ప్రశ్నలు ఇస్తుంది. రెంటిలోనూ తెర ఉంది. తేడా ఎక్కడుందో చూడండి.

2022లో బైజూస్ విలువ 22 బిలియన్ డాలర్లన్నారు. 2024 జూలై 16న, బీసీసీఐకి సుమారు 158 కోట్ల బకాయి కేసులో, బెంగళూరు ఎన్సీఎల్టీ ఆ కంపెనీని దివాలా ప్రక్రియలోకి పంపింది. ఆ నెలకి మన మొదటి ట్యాబ్ పిల్లలు పదో క్లాసులోకి వచ్చారు. పబ్లిక్ పరీక్ష దాకా తోడుండాల్సిన పాఠాలు చేసిన సంస్థ కోర్టులో ఉంది. ముందే ఎక్కించిన వీడియోలు ఎక్కడికీ పోవు, నిజమే. కానీ వాటిలో తప్పుంటే దిద్దేదెవరు, కొత్తది చేర్చేదెవరు?

దీనికి కోపం తెచ్చుకోవాల్సింది కంపెనీ మీద కాదని నా అభిప్రాయం. వ్యాపారం మునగొచ్చు, తేలొచ్చు. 686 కోట్లు పెట్టి వస్తువు కొన్నప్పుడు, అందులో సొంత పాఠం పెట్టుకునే వీలు టీచరుకి ఉండాలని ఎవరికీ ఎందుకు తోచలేదన్నదే నా బాధ. పులికాట్ ఉప్పునీటి మీద సైన్సు పాఠం, ఇసకపల్లి వేటగాళ్ళు గాలిని బట్టి తెప్ప తిప్పే లెక్క, 2004 సునామీ రోజు ఇక్కడి ఊళ్ళు చూసింది. ఇవి చెప్పగల టీచర్లు తీరంలో ప్రతి మండలానికీ ఉన్నారు. వాళ్ళ చేతికీ ఆ ట్యాబ్ ఇచ్చారు, చూసి చెప్పడానికి. సీతమ్మ కథ రాసినవాళ్ళు మాత్రం ఈ జిల్లాలో తిరిగి, విని, రాశారు.