ఆనవాలు మిగలని మార్పు: కొరియా ముఖ శస్త్రచికిత్సలలో ‘సహజత్వం’

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో, హాన్ నదికి దక్షిణాన ఉన్న గంగ్నమ్ ప్రాంతం సౌందర్య శస్త్రచికిత్సలకు పేరెన్నికగన్నది. అప్కుజోంగ్, సిన్సా పేటలలో ఒకే భవనంలో అంతస్తుకొక క్లినిక్ కనిపించడం వింత కాదు. ఒకప్పుడు ఈ క్లినిక్‌లు చికిత్సకు ముందు, తరువాత తీసిన ఫొటోలను పక్కపక్కన పెట్టి, మనిషి పోలికే మారిపోయిందని ఘనంగా చాటుకునేవి. ఇప్పుడు ఆ ధోరణి తిరగబడింది. చికిత్స జరిగిన సంగతిని ఎదుటివారు పసిగట్టలేకపోవడమే నేటి ఘనత. అయితే సహజంగా కనిపించే ముఖానికి తక్కువ శస్త్రచికిత్స చాలునని భావిస్తే పొరపాటే. ఆనవాలు దాచడానికి కొన్నిసార్లు మరింత పెద్ద శస్త్రచికిత్సే అవసరమవుతుంది.

రెప్ప మీది సన్నని గీత

తూర్పు ఆసియా ప్రజలలో చాలామందికి పై కనురెప్ప మీద మడత పుట్టుకతో ఉండదు. ఆ మడతను కొరియన్ భాషలో ‘సంగ్‌కొప్పుల్’ అంటారు. దానిని కల్పించే పద్ధతిని జపాన్ వైద్యుడు మికామో 1896లోనే వివరించాడు. కొరియా విషయానికి వస్తే, యుద్ధానంతరం అమెరికా మెరైన్ దళంతో అక్కడికి వచ్చిన ప్లాస్టిక్ సర్జన్ డేవిడ్ రాల్ఫ్ మిల్లార్డ్ పేరు తప్పక వినిపిస్తుంది. తన కళ్లను గుండ్రంగా చేయమని కోరిన ఒక కొరియన్ దుబాసీకి చేసిన చికిత్స గురించి ఆయన 1955లో రాశాడు.

అలా పాశ్చాత్యుల కన్ను ఆదర్శంగా వ్యాపించిన చికిత్సకు నేడు కొలమానం మారింది. రెప్ప అంచుకు బాగా ఎత్తున వెడల్పాటి మడత వేస్తే అది తెచ్చిపెట్టుకున్నదని ఇట్టే తెలిసిపోతుంది. వాపు తగ్గక ఉబ్బెత్తుగా మిగిలిన మడతను కొరియన్లు ‘సాసేజ్ కన్ను’ అని ఎగతాళి చేస్తారు. అందుకే లోపలి మూలలో కనీ కనిపించకుండా మొదలై, బయటి వైపు కొద్దిగా విచ్చుకునే సన్నని మడతకు ఆదరణ పెరిగింది. మడత లేని కళ్లతోనే అగ్రతారగా నిలిచిన కిమ్ గో-ఉన్ వంటి నటీమణులు ఈ అభిరుచికి బలం చేకూర్చారు.

చిన్న రంధ్రాల గుండా దారం వేసి, రెప్ప చర్మాన్ని లోపలి కణజాలంతో కలిపి కుట్టే పద్ధతిలో గాటు ఉండదు, వాపు త్వరగా తగ్గుతుంది. కాలక్రమంలో ఆ కుట్టు వదులై మడత చెరిగిపోయే అవకాశం మాత్రం ఉంటుంది. రెప్ప మందంగా, కొవ్వుతో ఉన్నవారికి గాటు పెట్టే పద్ధతే నిలుస్తుంది.

‘గంగ్నమ్ సుందరి’ అన్న నింద

2010 దశకం తొలి భాగంలో పూర్తి మార్పుకే విలువ. ‘లెట్ మీ ఇన్’ అనే టెలివిజన్ కార్యక్రమం 2011 నుంచి 2015 వరకు, శస్త్రచికిత్సతో గుర్తుపట్టలేనంతగా మారిన వారిని వేదిక మీద చూపింది. విమర్శలు పెరిగి చివరకు ఆగిపోయింది. 2014లో గంగ్నమ్‌లోని ఒక క్లినిక్ రోగుల దవడల నుంచి కోసిన ఎముక ముక్కలను గాజు స్తంభాలలో నింపి ప్రదర్శనకు పెట్టి, అధికారుల ఆగ్రహానికి గురైంది. ఆ కాలపు అభిరుచికి అంతకంటే నిదర్శనం అక్కరలేదు.

అంతలోనే ఎదురుదెబ్బ తగిలింది. 2013లో దేగు నగరపు అందాల పోటీ అభ్యర్థుల ఫొటోలు, అందరి ముఖాలూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయన్న వ్యాఖ్యలతో ప్రపంచమంతా తిరిగాయి. ఆ పోలికలో అలంకరణకు, ఫొటోల దిద్దుబాటుకు కూడా వాటా ఉందన్న మాట ఎవరూ పెద్దగా వినలేదు. ఎత్తైన ముక్కు, పెద్ద కళ్లు, కోసుగడ్డం ఉన్న యువతులను ‘గంగ్నమ్ సుందరి’ అని వెక్కిరించడం వాడుకైంది. 2018లో వచ్చిన ‘మై ఐడీ ఈజ్ గంగ్నమ్ బ్యూటీ’ ధారావాహిక కథ ఈ అవహేళన చుట్టూనే నడుస్తుంది. అనాకారి అని బాల్యమంతా ఏడిపించబడిన యువతి శస్త్రచికిత్స చేయించుకుని కళాశాలలో చేరితే, ఈసారి ఆ చికిత్స చేయించుకున్నందుకే అవమానం ఎదురవుతుంది.

మన సాముద్రికం వంటి ‘గ్వాన్‌సాంగ్’, అంటే ముఖం చూసి స్వభావాన్ని, భాగ్యాన్ని చెప్పే సంప్రదాయం కొరియాలో పాతది. శరీరం తల్లిదండ్రులు ఇచ్చినది, దానికి హాని చేయరాదన్న కన్ఫ్యూషియన్ బోధ కూడా అంతే పాతది. ఉద్యోగ దరఖాస్తుకు ఫొటో జత చేయడం దీర్ఘకాలం ఆనవాయితీగా ఉంది. ప్రభుత్వ రంగ నియామకాలలో దానిని 2017లో తొలగించారు. ముఖం బాగుండాలి, కానీ బాగుచేయించుకున్నట్టు ఉండకూడదు: రెండు ఒత్తిళ్లూ ఒకే మనిషి మీద పడుతున్నాయి.

ముక్కు కోసం పక్కటెముక

ముక్కు దూలాన్ని ఎత్తు చేయడానికి సిలికాన్ ముక్కను అమర్చడం సులువైన మార్గం. అయితే అది ముక్కు కొన వరకు సాగితే, చర్మం పలచబడి లోపలి ఆకారం బయటికి కనిపించవచ్చు. ఇన్ఫెక్షన్ సోకితే ముక్కు ముడుచుకుపోతుంది కూడా. అందుకే కొన భాగానికి రోగి సొంత మృదులాస్థిని వాడతారు. దానిని ముక్కు లోపలి గోడ నుంచో, చెవి నుంచో తీస్తారు. అది చాలనప్పుడు, ముఖ్యంగా పాత శస్త్రచికిత్సను సరిదిద్దేటప్పుడు, రొమ్ము దగ్గర గాటు పెట్టి పక్కటెముక మృదులాస్థిని తీసుకుంటారు. ముక్కు తాకనట్టు కనిపించడానికి రొమ్ము మీద మచ్చ మిగులుతుంది.

దవడ సంగతి ఇంకా కఠినం. ఎముకను అతిగా కోస్తే దాని మీది కండకు ఆధారం తగ్గి చెంపలు జారవచ్చు. దవడలోని నరం దెబ్బతింటే పెదవి, గడ్డం మొద్దుబారవచ్చు. తీసేసిన ఎముకను తిరిగి యథాతథంగా నిలపడం సాధ్యం కాదు.

కత్తి అవసరం లేని చికిత్సల వైపు మొగ్గు పెరగడం ఇందువల్లనే. 2024లో కొరియాకు చికిత్స కోసం వచ్చిన విదేశీయులు 11 లక్షలు దాటారు. వారిలో సగానికి పైగా చర్మవైద్యానికే వెళ్లారు. ప్లాస్టిక్ సర్జరీ వాటా అందులో చాలా తక్కువ.

2016లో దవడ శస్త్రచికిత్స సమయంలో తీవ్ర రక్తస్రావమైన ఒక విద్యార్థి ఆ తరువాత మరణించాడు. శస్త్రచికిత్స గది కెమెరా దృశ్యాలను అతని తల్లి పదేపదే పరిశీలించి, ఒప్పుకున్న సర్జన్ మధ్యలోనే వేరే గదికి వెళ్లిపోయాడని బయటపెట్టింది. ఒకరి పేరు చెప్పి మరొకరు చేసే ఇటువంటి చికిత్సకు కొరియాలో ‘దెయ్యపు శస్త్రచికిత్స’ అని పేరు. ఆమె పోరాటం ఫలితంగా 2021లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. వైద్య సంఘాలు వ్యతిరేకించినా, 2023 సెప్టెంబరు 25 నుంచి, రోగికి స్పృహ లేకుండా శస్త్రచికిత్స చేసే గదులలో కెమెరా తప్పనిసరి అయింది. దృశ్యాలను కనీసం 30 రోజులు భద్రపరచాలి. అయితే చిత్రీకరణ దానంతట అది జరగదు; రోగి గానీ సంరక్షకులు గానీ ముందుగా అడగాలి.