జావాలో అనోటేషన్ల ఆయుష్షు: రిటెన్షన్ నియమం, రిఫ్లెక్షన్ – ఒక చారిత్రక పరిశీలన

జావా భాషా చరిత్రను రాసేవారు అనోటేషన్ల రాకను సాధారణంగా ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ల బెడద నుండి విముక్తిగా వర్ణిస్తారు. ఈ వర్ణన తప్పు కాదు, అసంపూర్ణం. 2004 సెప్టెంబరులో జావా 5తో వెలువడిన అనోటేషన్ వ్యవస్థలో నిజంగా కొత్తది కోడ్‌కు గుర్తు పెట్టడం కాదు. పెట్టిన గుర్తు ఏ దశ వరకు బతకాలో నిర్ణయించే అధికారాన్ని దాని రచయితకు ఇవ్వడం. రిటెన్షన్ అనే ఈ నియమం ఏ లోపాన్ని సరిదిద్దడానికి పుట్టిందో, ఆ లోపమే దాని ద్వారా మరో రూపంలో ఎలా తిరిగి వచ్చిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కథ 1997లో వెలువడిన జేడీకే 1.1తో మొదలవుతుంది. కంపైలర్ వ్యాఖ్యలను విడిచిపెడుతుందన్నది ప్రోగ్రామింగ్‌లో తొలిపాఠం. కానీ ఈ కూర్పులో డాక్యుమెంటేషన్ వ్యాఖ్య లోపల ‘డెప్రికేటెడ్’ అన్న ట్యాగు కనిపిస్తే, కంపైలర్ దాన్ని చదివి క్లాస్ ఫైలులో ఒక గుర్తుగా నమోదు చేసేది. మనిషి కోసం రాసిన మాట యంత్రం కోసం భద్రపడిందన్నమాట. నడుస్తున్న ప్రోగ్రాం తన క్లాసులను, మెథడ్లను తానే పరిశీలించుకొనే రిఫ్లెక్షన్ సౌకర్యం కూడా ఇదే కూర్పులో వచ్చింది. విచిత్రమేమిటంటే ఈ రెండూ ఒకదాన్నొకటి ఎరుగవు. ఒక మెథడ్ వాడుకకు తగదని క్లాస్ ఫైలులో రాసి ఉన్నా, ఆ సంగతి రిఫ్లెక్షన్ ద్వారా అడిగే దారి లేదు. అవి కలుసుకోవడానికి మరో ఏడేళ్లు పట్టింది.

ఈ మధ్యకాలంలో సమాచారాన్ని మోసే భారమంతా పేర్ల మీద పడింది. జావాబీన్స్‌లో ‘గెట్’, ‘సెట్’ అన్న ఉపసర్గలే లక్షణాలకు ఆనవాళ్లు. జేయూనిట్ మూడవ కూర్పు వరకు పరీక్షా మెథడ్ పేరు ‘టెస్ట్’తో మొదలుకావాలి. ఆ నాలుగక్షరాలలో రెండు తారుమారైతే ఆ ఒక్క పరీక్ష నడవదు. మిగిలినవన్నీ నడిచి, ఫలితం విజయమనే చూపుతుంది. తప్పు జరిగిందని చెప్పే నాథుడే ఉండడు. ‘సీరియలైజబుల్’ వంటి ఖాళీ ఇంటర్‌ఫేసులు క్లాసుకు గుర్తు పెట్టగలవు గాని మెథడ్‌కు పెట్టలేవు. ఎక్స్‌డాక్లెట్ వంటి పరికరాలు వ్యాఖ్యలలోని ట్యాగుల నుండి ఎక్స్‌ఎంఎల్‌ను, కోడ్‌ను పుట్టించేవి. అయితే ఆ ట్యాగుల జీవితం సోర్స్ ఫైలుతోనే ముగిసేది. ఎక్స్‌ఎంఎల్ వర్ణన నడిచే దశ దాకా నిలిచేది గాని, కోడ్‌కు దూరంగా ఉండేది. క్లాసు పేరు మారితే అది అనాథ.

2002లో వచ్చిన సీ షార్ప్ భాష అట్రిబ్యూట్లను ప్రవేశపెట్టింది. అవి సాధారణంగా మెటాడేటాలో చేరి రిఫ్లెక్షన్‌కు అందుతాయి. జాషువా బ్లాక్ నాయకత్వంలోని జేఎస్‌ఆర్ 175 బృందం జావాకు రూపొందించిన వ్యవస్థ ఇక్కడే భిన్నమైంది. అది మూడు అంతస్తులను ఏర్పరచింది. ‘సోర్స్’ అయితే కంపైలర్‌తో సరి. ‘ఓవర్‌రైడ్’ ఇటువంటిది, కాబట్టి రిఫ్లెక్షన్‌కు ఎన్నడూ కనబడదు. ‘క్లాస్’ అయితే క్లాస్ ఫైలులో చేరుతుంది గాని, నడిచే ప్రోగ్రాంకు అదృశ్యం. ‘రన్‌టైమ్’ అయితే చివరి వరకు నిలుస్తుంది. కొత్త ‘డెప్రికేటెడ్’ అనోటేషన్‌కు ఈ మూడవ స్థాయే దక్కింది. రిఫ్లెక్షన్ ద్వారా అడిగినప్పుడు చేతికి వచ్చే వస్తువు, జావా 1.3లో ప్రవేశించిన డైనమిక్ ప్రాక్సీయే. పాత సామగ్రితో కట్టిన కొత్త ఇల్లు ఇది.

రచయిత ఏ స్థాయినీ పేర్కొనకపోతే వర్తించేది ‘క్లాస్’. ఈ ఎంపికను బైట్‌కోడ్‌ను చదివే పరికరాల దృష్టితో సమర్థించవచ్చు. మెమరీ పొదుపు దృష్టితోనూ సమర్థించవచ్చు. అయినా భాషను వాడేవారి వైపు నుండి చూస్తే ఇది పొరపాటు నిర్ణయమని నా అభిప్రాయం. స్వంతంగా అనోటేషన్ నిర్వచించుకొన్న విద్యార్థి దాన్ని రిఫ్లెక్షన్‌తోనే చదవబోతాడు. రిటెన్షన్ మరచిపోతే కంపైలర్ హెచ్చరించదు, దోషమేదీ వెలువడదు. జవాబుగా ‘నల్’ మాత్రం వస్తుంది. పరీక్ష పేరులో అక్షరాలు తారుమారైన నాటి నిశ్శబ్దమే ఇది. అనోటేషన్ ఏ వ్యాధికి మందుగా వచ్చిందో ఆ వ్యాధి లక్షణమే మందులోనూ కనిపించింది.

ఈ నిశ్శబ్దానికి మేలు చేసే ముఖమూ ఉంది. అనోటేషన్‌ను నిర్వచించే క్లాసు నడిచే సమయంలో అందుబాటులో లేకపోతే, రిఫ్లెక్షన్ ఆ గుర్తును పట్టించుకోకుండా వదిలేస్తుంది, ప్రోగ్రాం ఆగదు. గ్రంథాలయ రచయితలు దీన్ని తెలిసే వాడుకొంటారు.

2006లో జేయూనిట్ 4, ఈజేబీ 3.0 వచ్చాయి, మరుసటి ఏడు స్ప్రింగ్ 2.5 వచ్చింది. అప్పటినుండి రన్‌టైమ్ అనోటేషన్ ఆచారమైపోయింది. దాని ఖరీదు నెమ్మదిగా తెలిసింది. ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ ఎన్నో క్లాసులను వెదకడం సమయాన్ని, మెమరీని తినేది. జావా 9 మాడ్యూళ్లతో మొదలై 2021లో జావా 16తో గట్టిపడిన అంతరంగ రక్షణ, జేడీకే లోపలి భాగాల్లోకి రిఫ్లెక్షన్ చొరబడే దారులను మూసివేసింది. 2018లో మైక్రోనాట్, మరుసటి ఏడు క్వార్కస్ ఈ పనిలో ఎక్కువ భాగాన్ని నిర్మాణ దశకే తరలించాయి. మైక్రోనాట్ వాడే అనోటేషన్ ప్రాసెసర్లకు పునాది జావా 6 నాటి జేఎస్‌ఆర్ 269. క్వార్కస్ క్లాస్ ఫైళ్లను ముందే చదివి సూచికగా కూర్చుకొంటుంది. నడిచే ప్రోగ్రాం అడగవలసిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. ఆ ప్రశ్నకు ఆధారమైన ప్రామాణిక అనోటేషన్ల నిర్వచనాలలో మాత్రం రిటెన్షన్ స్థానంలో నేటికీ ‘రన్‌టైమ్’ అనే రాసి ఉంది.